పచ్చగడ్డి ఫోటోకి మా బోరు నీళ్ళెందుకు?

ఈమధ్య మన ఐటీ జనాల నోట్లో "గోల్ఫ్ ట్రిప్" అన్నమాట బాగా నానుతోంది. ఒకప్పుడు అప్రైజల్ బాగుంటే గోవా, ఇంకా బాగుంటే బ్యాంకాక్. ఇప్పుడు లీడు మేనేజరై, మేనేజరు డైరెక్టరయ్యాక హువా హిన్, ఫుకెట్, బాలి, మారిషస్. నాలుగు రాత్రులు, మూడు రౌండ్లు, బ్రేక్‌ఫాస్ట్ ఫ్రీ. వెనకాల సముద్రం, పక్కన కొబ్బరిచెట్లు, కాళ్ళకింద తివాచీలాంటి గడ్డి, చేతిలో కర్ర, నెత్తిన టోపీ... ఆ ఫోటో మీరూ చూసే ఉంటారు. అమెరికాలో అయితే తెలుగు సంఘాల మహాసభల్లో కూడా గోల్ఫ్ పోటీలు పెట్టేస్తున్నారు. నాకు వీటన్నిటితో ఏ పేచీ లేదు. ఎవరి డబ్బు వాళ్ళది, ఎవరి సెలవు వాళ్ళది. నేను కూడా బెంగుళూరులో టీమ్ అవుటింగ్ పేరుతో ఒక బకెట్టు బంతులు కొట్టినవాణ్ణే. సగం బంతులు కదల్లేదు, అది వేరే సంగతి :)

పేచీ ఎక్కడంటే, ట్రిప్పు నుంచి తిరిగొచ్చాక లంచ్ టేబుల్ దగ్గర వాళ్ళు అనే మాటతో. "మీ తిరుపతి దగ్గర ఇలాంటిది ఒకటి పడాలి బాస్. కొండ ఉంది, రేణిగుంటలో ఎయిర్‌పోర్ట్ ఉంది, బెంగుళూరు నుంచి ఐదు గంటలు, చెన్నై నుంచి మూడు గంటలు. శుక్రవారం రాత్రి బయల్దేరితే శనివారం దర్శనం, ఆదివారం గోల్ఫ్." ఇంకొకాయన హార్స్‌లీ హిల్స్ కింద ఎక్కడో పెడితే ఇంకా చల్లగా ఉంటుందంటాడు. (దాని అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. 1870 ప్రాంతంలో కడప కలెక్టరు దొర అక్కడ బంగళా కట్టుకున్నాక ఆయన పేరు పడింది. కొండకి పేరు మార్చడం మనకి కొత్త కాదులెండి.)

నవ్వి ఊరుకోవచ్చు. కానీ లంచ్ టేబుల్ మాటలు లంచ్ టేబుల్ దగ్గర ఆగవు. జేబులో డబ్బులున్న నాలుగు లక్షలమంది ఒకే కల కంటే అది "డిమాండ్" అవుతుంది, డిమాండ్ ఒక స్లైడు అవుతుంది, ఆ స్లైడు ఏదో ఒక ఆఫీసులో పెద్దాయన ముందు తెరమీద పడుతుంది, ఆ తర్వాత ఎకరాల లెక్క మొదలవుతుంది. అందుకే ఇప్పుడే చెప్తున్నా, వద్దు. తిరుపతి కొండకింద వద్దు, చిత్తూరు పడమటి మండలాల్లో అసలే వద్దు. గోల్ఫ్ మీద కోపంతో అనడం లేదు. ఆ ఆటకి ఆ పచ్చదనం అక్కర్లేదు. పచ్చదనం కావల్సింది ఫోటోకి. ఆ ఫోటోకి మా నీళ్ళు కావాలి.

ఆట సంగతి ముందు చూద్దాం. గోల్ఫ్ పుట్టిల్లు స్కాట్లండ్. సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బలు, వాటిమీద దానంతటదే మొలిచే పొట్టి గడ్డి, దాన్ని కొరికి కురచ చేసే గొర్రెలు, ఎప్పుడూ పడే వాన. పైపు వెయ్యాల్సిన పని లేదు. సెయింట్ ఆండ్రూస్‌లోని ఓల్డ్ కోర్సుని ఆ ఆటకి కాశీ అనుకోండి. 18 హోల్స్ అన్న లెక్క 1764లో అక్కడే వచ్చింది. ఆ నేల ఈరోజుకీ ఒక ట్రస్టు చూసుకునే పబ్లిక్ నేల. ఆదివారం ఆట బంద్, ఊళ్ళోవాళ్ళు కుక్కల్నీ పిల్లల్నీ తీసుకుని అదే గడ్డిమీద షికారు చేస్తారు. మనవాళ్ళు కలలు కనే రిసార్టుల్లో గేటు దగ్గర సెక్యూరిటీ వాడు మా నాయన పంచె చూసి లోపలికి పంపుతాడా అనేది మీరే చెప్పండి.

మరి ఈ మెరిసే పచ్చ ఎక్కడ్నించి వచ్చింది? చాలావరకు టీవీ నుంచి. అమెరికాలో అగస్టాలో జరిగే మాస్టర్స్ పోటీ 1966లో మొదటిసారి కలర్లో వచ్చింది. అగస్టా గడ్డి రంగు చూసిన ప్రతి క్లబ్బు మెంబరూ మనదీ అలా ఉండాలన్నాడు. ఈ జబ్బుకి అమెరికాలో "అగస్టా సిండ్రోమ్" అని పేరే ఉంది. ఆ జబ్బే సముద్రాలు దాటి ఫుకెట్‌కీ మారిషస్‌కీ వచ్చి రిసార్టు బ్రోషర్ అయ్యింది.

అంతకుముందు మన ఎండ దేశాల్లో ఎలా ఆడారంటారా? మాకు పక్కనే ఉన్న కోలారు బంగారు గనుల్లో ఇంగ్లీషు దొరలు క్లబ్బు కట్టుకుని మరీ గోల్ఫ్ ఆడారు. ఇండియాలో, ఆఫ్రికాలో నీళ్ళు లేని చోట్ల గుంత చుట్టూ గడ్డి బదులు నూనె కలిపిన ఇసుక పరిచి, చదును చేసి, దానిమీద బంతి దొర్లించేవాళ్ళు. దాన్ని గ్రీన్ అనరు, బ్రౌన్ అంటారు. సామ్రాజ్యం మొత్తం చేతిలో ఉన్న దొర ఇసుకమీద సర్దుకున్నాడు. మన సీనియర్ మేనేజర్‌కి మాత్రం మే నెలలో మదనపల్లెలో మెత్తటి పచ్చిక కావాలి!

అమెరికావాళ్ళకే ఈ మోజు తగ్గుతోంది. నార్త్ కరోలినాలో పైన్‌హర్స్ట్ నంబర్ 2 అని పేరున్న కోర్సు. 2010-11లో అక్కడ 35-40 ఎకరాల గడ్డి పీకేసి ఇసుకా, మామూలు పొదలూ వదిలేశారు. 2014లో యూఎస్ ఓపెన్ అక్కడే జరిగింది. టీవీలో గోధుమరంగు కనిపించిందని కొందరు ఏడ్చారు, ప్రపంచంలో పెద్ద ఆటగాళ్ళంతా ఆడి వెళ్ళారు.

ఇప్పుడు లెక్క. మనం ఇంజనీర్లం కదా, ఎవరో రాసిన రిపోర్టు అక్కర్లేదు, కాగితం మీద వేసుకుందాం. 18 హోల్స్ కోర్సుకి సుమారు 150 ఎకరాలు పడుతుంది, అందులో 100 ఎకరాలు రోజూ చూసుకోవాల్సిన గడ్డి. మా ఎండాకాలంలో గడ్డి బతకాలంటే రోజుకి 5 మిల్లీమీటర్ల నీళ్ళు వెయ్యాలి (ఇది ఉదారంగా వేసిన లెక్క, మా ఏప్రిల్ ఎండ ఇంకా ఎక్కువే తాగుతుంది). 100 ఎకరాలంటే 40 హెక్టార్లు, అంటే 4 లక్షల చదరపు మీటర్లు. దాన్ని 5 మిల్లీమీటర్లతో గుణిస్తే 2,000 ఘనపు మీటర్లు. రోజుకి 20 లక్షల లీటర్లు. 10,000 లీటర్ల ట్యాంకర్లు 200. రోజూ.

జల్ జీవన్ మిషన్ లెక్కలో పల్లెలో మనిషికి రోజుకి 55 లీటర్లు ఇవ్వాలి. భాగిస్తే 36 వేలమంది. ఒక చిన్న మండలం. అదీ ఒట్టి గడ్డికే. రిసార్టులో స్విమ్మింగ్ పూల్, బాత్‌టబ్బులు, లాండ్రీ నేను కలపలేదు.

ఈ నీళ్ళు ఎక్కడ్నించి రావాలి? మా వైపు భూమికింద సంగతి తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. పాత చిత్తూరు జిల్లాలో పడమటి వైపు అంతా గట్టి రాయి. నీళ్ళు ఇసుకలో నిండినట్టు నిండవు, రాతి పగుళ్ళలో దాక్కుంటాయి. పగులు తగిలితే అదృష్టం, లేకపోతే దుమ్ము. మా నాయన ఇప్పటికి ఐదు బోర్లు వేశాడు. మొదటిది 250 అడుగులు, ఆఖరిది వెయ్యి దాటింది. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నీళ్ళు చూసే ఆయన్నీ పిలిచాం, మిషనుతో చూసే ఆయన్నీ పిలిచాం. ఇద్దరూ తలో బోరు ఎండబెట్టారు, ఆ విషయంలో సైన్సుకీ సంప్రదాయానికీ తేడా లేదు. ఇప్పుడు నీళ్ళొస్తున్నవి రెండే, అందులో ఒకటి గంట పోసి గంట దమ్ము తీసుకుంటుంది. నా మొదటి రెండేళ్ళ బోనస్సులు ఆ రాతిలోనే ఉన్నాయి. మా వైపు నుంచి వచ్చి బెంగుళూరులో కోడు రాసుకునే ఎవర్నైనా అడగండి, వాళ్ళింట్లో బోరు అప్పు తీర్చిన కథ ఒకటి ఉంటుంది.

బోరు వెయ్యాలంటే 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి. రైతు తిరుగుతాడు. పక్కన 150 ఎకరాల కాంపౌండు వాల్ వెనక రిగ్గు ఎంత లోతుకి దిగుతోందో ఎవరు కొలుస్తారు? రాతి పగుళ్ళకి సర్వే నంబర్లు ఉండవు. కాంపౌండు లోపల వెయ్యిన్నర అడుగుల్లో మోటారు ఆడితే కాంపౌండు బయట మూడొందల అడుగుల బోరు దమ్ము కొడుతుంది. అప్పుడు మా నాయన పోయి ఎవర్ని అడగాలి, ఈవెంట్ మేనేజర్నా?

ఇక్కడ తెలివైనవాళ్ళు ఒక ప్రశ్న వేస్తారు, వెయ్యాలి కూడా. "వరికి ఇంతకంటే ఎక్కువ నీళ్ళు పోస్తారు కదా?" నిజమే, ఎకరానికి చూస్తే వరి గోల్ఫ్ గడ్డికంటే ఎక్కువే తాగుతుంది. మా వైపు బోరు కింద వరి వెయ్యడాన్ని నేనేమీ సమర్థించను. కానీ ఒక తేడా ఉంది, అందులోనే అంతా ఉంది. చెరువు నిండని ఏడాది రైతు మడి బీడు పెడతాడు. ఏడుస్తాడు, అప్పు చేస్తాడు, బెంగుళూరుకి వచ్చి వాచ్‌మన్ అవుతాడు, కానీ బీడు పెడతాడు. గోల్ఫ్ రిసార్టు బీడు పెట్టలేదు. ఆర్నెల్ల ముందు బుకింగులు తీసుకుంది, బ్రోషర్లో పచ్చరంగు అమ్మింది. కరువు వచ్చినప్పుడే అది ఎక్కువ తోడాలి. వాన తగ్గేకొద్దీ నీళ్ళ వాడకం పెరిగే వ్యవస్థని కరువు జిల్లాలో పెట్టడం అంటే, మన భాషలో చెప్పాలంటే, సర్వర్ లోడెక్కినప్పుడల్లా ఇంకా ఎక్కువ మెమరీ మింగే ప్రోగ్రాం రాసి ప్రొడక్షన్లో పడెయ్యడమే.

రెండో ప్రశ్న: "మురుగునీళ్ళు శుద్ధిచేసి వాడితే?" ఇది మంచి ప్రశ్న. తిరుపతికి తూకివాకంలో మురుగు శుద్ధి ప్లాంటు ఉంది. ఆ నీళ్ళతో గడ్డి పెంచొచ్చు, తప్పేం లేదు. కానీ అదే నీళ్ళకి వేరే ఉపయోగం ఉంది. పక్కనే కోలారు చూడండి. 2018 నుంచి కేసీ వ్యాలీ పథకం కింద బెంగుళూరు మురుగునీళ్ళని శుద్ధిచేసి కోలారు చెరువులకి పంపుతున్నారు. నీటి నాణ్యత మీద గొడవలు అయ్యాయి, కోర్టులకీ వెళ్ళాయి, ఆ అనుమానాలు కొట్టిపారేసేవి కావు. అయినా ఎండిన చెరువుల్లో నీళ్ళు నిలబడ్డాయి, చుట్టుపక్కల భూమిలోకి ఇంకాయి. శుద్ధి చేసిన నీళ్ళు మా దగ్గర మిగిలితే ముందు అలాంటి చెరువులకి రావాలి. ఫెయిర్‌వేకి కాదు.

కుప్పానికి హంద్రీ-నీవా నీళ్ళు 2025 ఆగస్టులో చేరాయి. శ్రీశైలం వెనక నుంచి వందల కిలోమీటర్లు, ఎత్తిపోతల మీద ఎత్తిపోతలు, దశాబ్దాల ఎదురుచూపు. ఆ కాలవ గట్టుమీద నిలబడి జనం దణ్ణం పెట్టింది ఊరికే కాదు. అలా ఎత్తుకొచ్చిన నీళ్ళతో గడ్డి కడుగుదామంటే మా అవ్వ ఒక్కటే మాట అంటుంది: "గడ్డి కోస్తారంట, ఆవులకి ఎయ్యరంట, మళ్ళా నీళ్ళు పోసి పెంచతారంట. యాడుండారు నాయనా ఈ మడుసులు?"

"మరి బాలిలో లేదా?" అంటారు. ఉంది, చూద్దాం. బాలిలో వాన బాగా పడుతుంది, మాలాంటి కరువు నేల కాదు. సముద్రంలో రాతిమీద తానా లోత్ అని హిందువుల గుడి ఉంది. 1993లో ఆ గుడికి ఎదురుగా గోల్ఫ్ రిసార్టు పని మొదలైంది. జనం ఎదురు తిరిగారు. గుడి ముందు హోటలేంటని ఒక కోపం, వరి మళ్ళు పోతాయి, నీళ్ళు పోతాయి అని ఇంకో కోపం. అక్కడ సుబక్ అని రైతులు కలిసి కాలవ నీళ్ళు పంచుకునే పద్ధతి ఉంది, వందల ఏళ్ళది, 2012లో యునెస్కో జాబితాలో చేర్చారు. ఆ పద్ధతిలో గుడీ నీళ్ళూ వేరువేరు కాదు. గొడవ ముదిరి 1994లో అక్కడి హిందూ పరిషత్తు ఏ స్థాయి గుడి చుట్టూ ఎన్ని కిలోమీటర్లు పవిత్రమో లెక్కకట్టి శాసనం ఇచ్చింది. అప్పుడు సుహార్తో రాజ్యం, నోరెత్తినవాళ్ళని అణిచారు. కొన్ని మార్పులతో రిసార్టు వచ్చేసింది. గ్రెగ్ నార్మన్ డిజైన్ చేసిన కోర్సు. ఫోటోలు అద్భుతంగా వచ్చాయి. ఇరవై ఏళ్ళు నడిచాక 2017లో మూసేశారు, దానికంటే పెద్ద రిసార్టు కట్టాలని. మళ్ళలో నీళ్ళు కట్టుకునే పిల్లలు ఆ ఇరవై ఏళ్ళలో వేరే పనులకి వెళ్ళిపోయి ఉంటారు. గోల్ఫ్ కోర్సుని మళ్ళీ వరి మడిగా మార్చడం బటన్ నొక్కితే అయ్యే పని కాదు.

మా దగ్గర ఈమధ్య జరిగింది గోల్ఫ్ కాదు, హోటలు. అలిపిరి దగ్గర ఇరవై ఎకరాలు ముంతాజ్ హోటల్స్‌కి 2021లో కేటాయించారు, పెద్ద గొడవ అయ్యింది, ఆ కేటాయింపు రద్దు చేస్తున్నట్టు 2025 మార్చిలో ముఖ్యమంత్రి ప్రకటించారు. నేను గమనించినంతలో ఆ వాదన అంతా పేరు చుట్టూ, పవిత్రత చుట్టూ తిరిగింది. ఆ హోటలు ఏ నీళ్ళు తాగుతుంది, దాని మురుగు ఎటు పోతుంది అని అడిగినవాళ్ళు తక్కువ. శేషాచలం 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు. కొండ పవిత్రమే, కొండమీద పడిన వాన కింద ఊళ్ళకి దిగే దారి కూడా కొండలో భాగమే కదా? 2021 నవంబరులో వాన ముంచెత్తినప్పుడు తిరుపతి వీధులు ఏరులయ్యాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేశారు. వాగులూ చెరువులూ మూసేసి కట్టుకుంటూ పోతే ఒక ఏడాది బోరు దమ్ము, ఒక ఏడాది వరద.

ఇక అసలు రహస్యం. గోల్ఫ్ కోర్సు పేరుతో అమ్మేది గోల్ఫ్ కాదు. దాని చుట్టూ ఉన్న విల్లా. హైదరాబాదులో పని చేసేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, గచ్చిబౌలిలో ఆఫీసు కిటికీలోంచి చూడొచ్చు. 2000ల మొదట్లో ఏపీఐఐసీ దుబాయ్ కంపెనీ ఎమ్మార్‌తో కలిసి మణికొండలో 535 ఎకరాల్లో ప్రాజెక్టు పెట్టింది. అందులో సుమారు 235 ఎకరాలు గోల్ఫ్ కోర్సుకి, 258 ఎకరాలు విల్లాలూ టౌన్‌షిప్పుకి. ప్రపంచస్థాయి నగరం అన్నారు. 2011లో హైకోర్టు ఆదేశంతో సీబీఐ దర్యాప్తు మొదలైంది. ఎవరు తప్పు చేశారన్నది కోర్టుల పని, నేను చెప్పను. నేను చెప్పేది కళ్ళకి కనిపించేది: సర్కారు చేతిలో ఉన్న నేల ఇప్పుడు గేటు వెనక ఉంది. అక్కడ పనిచేసే లక్షలమంది ఐటీ జనానికి సాయంత్రం నడవడానికి చెట్టునీడ లేదు, కిటికీలోంచి ఎవరిదో పచ్చిక చూసుకుంటూ టీ తాగుతున్నారు. వాళ్ళలోనే కొందరు తిరుపతికి కూడా అదే కావాలంటున్నారు!

ఉద్యోగాలొస్తాయి అనే మాట గురించి రెండు ముక్కలు. వస్తాయి. గడ్డి కోసేవాళ్ళు, గదులు ఊడ్చేవాళ్ళు, బ్యాగు మోసే క్యాడీలు. సొంత మడి ఉన్నవాణ్ణి ఆ మడిలోనే ఇంకొకరి బ్యాగు మోసేవాణ్ణి చెయ్యడాన్ని ఉపాధి కల్పన అనడానికి నాకు నోరు రావడం లేదు.

తిరుమలకి రోజుకి అరవై డెబ్భైవేలమంది వస్తారు, దర్శనం చేసుకుని అదే రాత్రి బస్సెక్కుతారు. వాళ్ళని ఇంకో రోజు ఆపాలన్నది మంచి కోరికే. ఆపడానికి గోల్ఫ్ కావాలా? చంద్రగిరి కోట పదిహేను కిలోమీటర్లు కూడా లేదు. గుడిమల్లంలో క్రీస్తు పూర్వం నాటి లింగం ఉంది, మీలో ఎంతమంది చూశారు? తలకోన ఉంది, శీతాకాలంలో నేలపట్టుకీ పులికాట్‌కీ వచ్చే పక్షులు ఉన్నాయి. వీటికి సరిగ్గా ఒక బస్సు, ఒక శుభ్రమైన టాయిలెట్టు, చరిత్ర తెలిసిన ఒక గైడు పెట్టండి. 150 ఎకరాలు అక్కర్లేదు, రోజుకి 20 లక్షల లీటర్లు అక్కర్లేదు.

అయినా సరే మా దగ్గరే గోల్ఫ్ ఆడి తీరాలి అంటారా? రండి, మా ఊరి చెరువుంది. మామూలు ఏడాదిలో ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఎండిపోయే ఉంటుంది. మేం చిన్నప్పట్నించీ క్రికెట్ ఆడేది అందులోనే. ఇసుకా నూనే తెచ్చుకుని దొరల్లాగా బ్రౌన్ వేసుకోండి, పద్దెనిమిది గుంతలు తవ్వించే బాధ్యత నాది, గ్రీన్ ఫీజు లేదు, గేటు లేదు, పంచె కట్టుకుని ఆడినా ఎవరూ ఏమనరు. మధ్యాహ్నం మా అవ్వ సంగటీ శనక్కాయల ఊరిబిండీ పెడుతుంది. ఒకటే షరతు, చెరువులోకి నీళ్ళొచ్చిన రోజు ఆట బంద్, మళ్ళీ ఎండేదాకా ఎవరూ అడగకూడదు :)